కురుమే మగ్గాల చప్పుడు

మా అమ్మ కుడి చెయ్యి భుజం దాటి పైకి లేవదు. జడ వేసుకోవాలంటే తల పక్కకు వంచి, జుట్టంతా ముందుకు తెచ్చుకుని, మోచెయ్యి మోకాలి మీద ఆనించి అల్లుకుంటుంది. అటక మీద డబ్బా అందుకోవాలంటే నన్నో తమ్ముణ్నో కేకేస్తుంది. చిన్నప్పుడు మా ఊళ్లో చాలామంది ఆడవాళ్లు ఇలాగే ఉండేవాళ్లు. పిల్లలు పుట్టాక అందరమ్మల చేతులూ ఇలాగే అవుతాయి కాబోలు అనుకునేదాన్ని.

మాది పుట్టపాక దగ్గర ఒక చిన్న ఊరు. అప్పుడు నల్గొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. పద్మశాలీలం. నాయిన గుంట మగ్గంలో కూర్చుని చీర నేస్తే, ఆ చీరకు పేక (అడ్డపోగు) సిద్ధం చేసే పని అమ్మది. పోచంపల్లి చీర అని అడిగి కొనుక్కునే చాలామందికి తెలియని పని ఒకటుంది, ఆసు పోయడం. అర్ధచంద్రంలా వంచిన చట్రానికి వరసగా మేకులు ఉంటాయి. వాటికి ఎదురుగా కాస్త దూరంలో ఒంటి మేకు. ఆ ఒంటి మేకు నుంచి వరసలోని ఒక్కో మేకుకూ పోగు తిప్పుకుంటూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. పోసిన పోగు మీద డిజైన్ ప్రకారం గుర్తులు పెట్టి, చిటికి కట్టి (రంగు అంటకూడని చోట పోగును బిగించి కట్టడం), రంగులో ముంచి, కట్టు విప్పి, కండెలకు చుట్టి ఇస్తే అప్పుడు నాయిన నాడె (పేకను అటూ ఇటూ మోసే పనిముట్టు) ఆడించేవాడు. ఇంతా చేస్తే బిల్లు మీద నేసిన మనిషి పేరొక్కటే ఉండేది.

మా ఇంటికి ఆసు యంత్రం 2006లో వచ్చింది. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నాను. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు, వాళ్లమ్మ లక్ష్మిగారు ఆసు పోయలేక పడుతున్న అవస్థ చూడలేక, ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో తయారు చేసిన యంత్రం అది. ఆరో తరగతితో చదువు ఆపేసిన మనిషి. యంత్రానికి తల్లి పేరే పెట్టుకున్నారు, లక్ష్మి ఆసు యంత్రం అని. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చిందని టీవీలో చూసి మా అమ్మ ఏడ్చింది. ఆ యంత్రం అమ్మ భుజానికి పదేళ్లు ఆలస్యంగా వచ్చింది. అయినా వచ్చింది.

ఈ కథంతా ఎందుకంటే, తర్వాత నేను హైదరాబాద్‌లో ఫ్యాషన్ కాలేజీలో చేరాక రెండో ఏడాదిలో ఒక ప్రాజెక్టు ఇచ్చారు. ఏదైనా ఒక చేనేత ఊరికి వెళ్లి, అక్కడి పనినంతా మొదటి నుంచి చివరి దాకా రాసి, బొమ్మలు వేసి, ఫొటోలు పెట్టి పుస్తకం చెయ్యాలి. అందరూ బస్సులు, రైళ్లు ఎక్కి ఎక్కడెక్కడికో వెళ్లారు. నేను మా ఇంటికే వెళ్లాను. ఆసు యంత్రానికి ఒక పేజీ మొత్తం ఇచ్చాను. పెన్సిల్‌తో ఒక్కో భాగం వేసి, పక్కన అమ్మ మాటలు రాశాను. సమర్పించే రోజు, మార్కులు వేయడానికి వచ్చినవాళ్లలో ఒకరు ఆ పేజీ దగ్గర ఆగి, "ఇది తీసెయ్యమ్మా. మొత్తం చేత్తోనే చేశారంటేనే కదా విలువ. మధ్యలో మోటారు కనిపిస్తే కొనేవాళ్లకు మనసు రాదు" అన్నారు. కోపంగా అనలేదు, నా మంచికే చెప్తున్నట్టు అన్నారు. నేను పేజీ తీసేశాను. మంచి మార్కులే వచ్చాయి. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చెయ్యలేకపోయాను.

ఆయన మాటను ఎదుర్కోలేకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా ఇంట్లో 'పవర్‌లూమ్' అంటే భయపడే మాట. నాయిన నెలల తరబడి కూర్చుని ఒక వార్పు (మగ్గానికి ఎక్కించిన నిలువు పోగులన్నీ) నేసి దించితే, అదే డిజైన్‌ను పవర్‌లూమ్ బట్ట మీద ప్రింటు కొట్టి మూడు నాలుగు వందలకు అమ్మేవాళ్లు. దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే. చీరలాంటివి కొన్ని చేతిమగ్గం మీదే నెయ్యాలని 1985లో చట్టం చేశారని నాయిన ఎక్కడ పడితే అక్కడ చెప్పేవాడు, వినేవాళ్లున్నా లేకున్నా. అంటే ఒక యంత్రం మా అమ్మ చేతిని కాపాడింది, ఇంకో యంత్రం మా నాయిన చేతిలో పని లాక్కుంటోంది. పంతొమ్మిదేళ్ల వయసులో ఈ రెండింటినీ కలిపి ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు.

2013లో ఒక సెమిస్టర్ జపాన్‌లో చదివే అవకాశం వచ్చింది, ఫుకువోకాలో. అక్కడ మాకు పాఠం చెప్పే సెన్సేయి (గురువుల్ని అందరూ అలాగే పిలుస్తారు, ఆమె పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు) నేను కట్టుకొచ్చిన చున్నీని మొదటి వారంలోనే పట్టుకుని చూశారు. అది నాయిన నేసిందే. రెండు వైపులా తిప్పి, వెలుతురుకు పెట్టి, "కసురి" అన్నారు. పోగును ముందే కట్టి, రంగు వేసి, ఆ తర్వాత నేసే బట్టకు వాళ్ల మాట అది. చెదిరినట్టు, మసకబారినట్టు ఉండటాన్ని జపనీస్‌లో కసురెరు అంటారట, దాన్నుంచి వచ్చింది. మనం ఇక్కత్ అనే మాట మలయ్, ఇండోనేషియా భాషల్లోంచి వచ్చింది, దానికి కట్టడం అని అర్థం. వాళ్లు అంచులో కనిపించే మసకకు పేరు పెట్టారు, మనం వాడుకునే పేరులో కట్టే పని ఉంది. మా ఇంట్లో అయితే రెండూ కాదు, ఉత్త చిటికి.

నవంబర్‌లో ఒక శనివారం సెన్సేయి నన్నూ, ఇంకో ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని బయల్దేరారు. తెన్‌జిన్ స్టేషన్‌లో రైలెక్కితే అరగంట చిల్లరలో కురుమే. అక్కడి నుంచి బస్సు. ఊరు దాటగానే చదునైన పొలాలు, కోసేసిన వరి మళ్లు, దూరంగా కొండ వాలు మీద దువ్వెనతో దువ్వినట్టు టీ తోటలు. ఆకులు రాలిపోయిన చెట్లకు నారింజ రంగు కాకి (పెర్సిమన్) పండ్లు మాత్రం వేలాడుతున్నాయి. బస్సు దిగింది హిరోకవా అనే చిన్న పట్టణంలో. కురుమే, హిరోకవా, యామే, చికుగో, ఈ చుట్టుపక్కల ఊళ్లలో తయారయ్యే బట్టే కురుమే కసురి.

నేను మిల్లు అంటే పెద్ద గేటు, పొగగొట్టం ఊహించుకున్నాను. సందు చివర ఒక ఇల్లు, ఇంటి వెనక రేకుల షెడ్డు, అంతే. ఇంటి ముందు బట్టలు ఆరేసే తీగల మీద నీలిరంగు నూలు చిలపలు వేలాడుతున్నాయి. ఆ చిలపలు చూడగానే నా కాళ్లు ఆగిపోయాయి. మా వాకిలి అది. ముగ్గు లేదు, వేపచెట్టు లేదు, తడి నూలు వాసన మాత్రం అదే. గంజి వాసన కూడా.

యజమాని యాభై ఏళ్లాయన. వాళ్ల తాత మొదలుపెట్టిన మిల్లు. మమ్మల్ని కూర్చోబెట్టి యామే టీ ఇచ్చారు, ఆయన భార్య కాకి పండ్లు కోసి పళ్లెంలో పెట్టారు. ఒక బట్టకు ముప్పై దాకా పనులుంటాయనీ, మొదటి గీత గీసిన దగ్గర్నుంచి బట్ట చేతికి రావడానికి రెండు నెలలు పడుతుందనీ చెప్పారు. సెన్సేయి నా కోసం ఇంగ్లిష్‌లో చెప్తూ ఉన్నారు. నాకు సగం అక్కర్లేదు. ఆయన ఏ పోగును ఎత్తి చూపిస్తే దాని తర్వాతి పని ఏంటో నాకు తెలిసిపోతోంది. డిజైన్ కాగితం చూపిస్తే అది గ్రాఫ్ అని తెలుసు. కర్రకు గుర్తులు పెట్టి ఉంటే అది ఎందుకో తెలుసు. ఒక దగ్గర ఆయన చెప్పబోయేది నేను ముందే చేతులతో చేసి చూపించాను. ఆయన నవ్వలేదు, నా చేతుల వైపే చూస్తూ ఉండిపోయారు.

చిటికి దగ్గరికి వచ్చేసరికి మాత్రం తేడా కనిపించింది. వాళ్లు ఒకప్పుడు నారతో చేత్తో కట్టేవాళ్లట, ఇప్పటికీ చేతిమగ్గాల మీద నేసే కొద్దిమంది అలాగే కడతారట. ఈ మిల్లులో మాత్రం కట్టడానికి ఒక చిన్న యంత్రం ఉంది. నూలు కట్ట దాని గుండా సాగుతుంటే, గుర్తు ఉన్న చోట నూలుదారం గిర్రున చుట్టుకుని బిగుస్తుంది. మీరు దేనితో కడతారని ఆయన అడిగారు. సైకిల్ ట్యూబు అన్నాను. పాత ట్యూబు కోసి, సన్నటి పీలికలు చేసి, ఒక కొస పళ్లతో పట్టుకుని బిగించి కడతాం. రంగు లోపలికి పోనివ్వదు, విప్పి మళ్లీ వాడుకోవచ్చు. నా చిన్నప్పుడు మా ఇంట్లో పాత ట్యూబు ఎప్పుడూ చెత్తలోకి పోలేదు. సెన్సేయి ఈ మాట చెప్పగానే ఆయన చెయ్యెత్తి ఊరి వైపు చూపించారు. కురుమే అంటే జపాన్‌లో చాలామందికి కసురి కంటే ముందు గుర్తొచ్చేది రబ్బరట. బ్రిడ్జ్‌స్టోన్ టైర్ల కంపెనీ 1931లో పుట్టింది ఆ ఊళ్లోనే. "రబ్బరు మా దగ్గరుంది, దాంతో పోగు కట్టే ఆలోచన మీకొచ్చింది" అన్నారు. ఆ మాట ఇంటికి ఫోన్ చేసి నాయినకు చెప్తే మూడు సార్లు చెప్పించుకున్నాడు.

షెడ్డు తలుపు జరిపారు.

చప్పుడు గురించి ఎలా రాయాలో ఇప్పటికీ తెలియడం లేదు. మా ఇంట్లో మగ్గం చప్పుడంటే టక్కు, టక్కు. మధ్యలో నాయిన దగ్గు, రేడియో, బయట కోళ్లు, అన్నీ వినిపించేవి. ఆ చప్పుడులోనే నేను చదువుకున్నాను, నిద్రపోయాను. ఇక్కడ చప్పుడు చెవిలోకి కాదు, ఛాతీలోకి వచ్చింది. వరసగా ఇనప మగ్గాలు, దాదాపు తొంభై ఏళ్ల నాటివి. ఒక్కోటీ నాడెను ఈ చివర నుంచి ఆ చివరకు కొట్టినప్పుడల్లా కింద సిమెంటు అదురుతోంది. మా పక్కనున్న అమ్మాయి ఏదో అంటోంది, పెదవులు కదలడమే కనిపిస్తోంది. గాల్లో నూనె వాసన, దూది నుసి. నేను ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాను.

మగ్గాలు చిన్నవి. పన్నా మూరెడు కూడా లేదు, 38 సెంటీమీటర్లు ఉంటుందేమో. కిమోనోకు సరిపోయే కొలత అది. అలాంటిది 12 మీటర్ల పొడవు నేస్తే ఒక తాను. ఇనప చట్రం మీద పోత పోసిన అక్షరాలు చూపించి సెన్సేయి నా చెవి దగ్గర అరిచారు, "టొయోడా!" కార్ల టొయోటా వాళ్లే. ఆ కథ తర్వాత టీ తాగేటప్పుడు పూర్తిగా విన్నాను. విన్నప్పుడు నాకు ఒళ్లు ఝల్లుమంది.

సకిచి టొయోడా 1867లో పుట్టాడు, వడ్రంగి కొడుకు. వాళ్లమ్మ మగ్గం మీద పడే కష్టం చూస్తూ పెరిగాడు. ఆ కష్టం తగ్గించాలని చెక్కతో మగ్గం చేసి 1891లో పేటెంటు తీసుకున్నాడు. అప్పటిదాకా రెండు చేతులతో చేసే పనిని ఒక చేత్తో చేసుకునేలా మార్చాడు. తర్వాత ఆవిరితో నడిచేవి, తర్వాత 1924లో ఆగకుండా నాడె మార్చుకునే జి రకం మగ్గం. దాని హక్కుల్ని 1929లో ఇంగ్లండ్‌లోని ప్లాట్ బ్రదర్స్ కంపెనీకి లక్ష పౌండ్లకు ఇచ్చారు. ఆ మగ్గాల సంపాదనే కార్ల తయారీకి దారి వేసింది. మన రోడ్ల మీద తిరిగే ఇన్నోవా వెనక, ఎక్కడో మొదట్లో, మగ్గం ముందు కూర్చున్న ఒక తల్లి ఉంది.

శారాజీపేట ఎక్కడ, సకిచి పుట్టిన పల్లె ఎక్కడ. మధ్యలో నూరేళ్లకు పైగా తేడా. ఇద్దరు కొడుకులు, ఇద్దరమ్మలు. నేను మల్లేశం గారి గురించి చెప్పడం మొదలుపెట్టాను. వచ్చీరాని జపనీస్‌లో, ఇంగ్లిష్‌లో, చేతులతో గాల్లో మేకులు పాతి, ఆసు పోసి చూపించాను. యజమాని భార్య చేతిలోని కత్తి పక్కన పెట్టేసి వింది. అయ్యాక అడిగింది, "మీ అమ్మగారి చెయ్యి ఇప్పుడు ఎలా ఉంది?" అంత దూరం వెళ్లి ఎవరో ఒకరు అది అడుగుతారని నేను అనుకోలేదు. కాలేజీలో ఆ పేజీ చూసినప్పుడు ఎవరూ అడగలేదు మరి.

షెడ్డులోకి మళ్లీ వస్తాను, ఎందుకంటే నేను అక్కడే ఎక్కువసేపు ఉన్నాను.

రెండు మగ్గాల మధ్య ఒక పెద్దావిడ నిలబడి ఉంది. డెబ్బై దాటే ఉంటాయి. తలకు గుడ్డ, నడుముకు ఏప్రన్, కింద కసురితో కుట్టిన మొంపె, అంటే పొలం పనులకు వేసుకునే వదులు పైజామా. యజమాని ఆమెను పిలవలేదు, దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేశారు. ఆమె తిరిగి మమ్మల్ని చూసి, తల వంచి, మళ్లీ పనిలో పడిపోయింది.

మోటారు మగ్గం కదా, మీట నొక్కితే దానంతటదే నేసుకుంటూ పోతుందనుకున్నాను. అలా లేదు. నాడె పది పదిహేను సార్లు అటూ ఇటూ పోయేది. ఆమె మీట లాగి ఆపేది. వంగి, బట్టకు కళ్లు ఆనించేలా చూసేది. పడుగులో, అంటే నిలువు పోగుల్లో, తెల్లగా ఉన్న చోట పేకలో తెలుపు వచ్చి కూర్చోవాలి. వెంట్రుకవాసి తప్పినా పువ్వు పువ్వు కాదు. తప్పిన పేకను గోటితో పట్టుకుని అంచు వైపు కొద్దిగా, నిజంగా కొద్దిగా, గుంజేది. మిగిలిన పోగు అంచు బయట చిన్న ఉంగరంలా నిలిచేది. చూపుడువేలి గోరు మధ్యలో గీత పడి ఉంది, ఏళ్ల తరబడి పోగు ఒరుసుకుని. మా నాయిన గోరు కూడా అంతే. అది చూసి నేను నా గోళ్ల వైపు చూసుకున్నాను. వాటికి రంగు ఉంది.

మీట మళ్లీ నొక్కేది. నేల అదిరేది. మళ్లీ ఆపేది.

ఒకసారి ఆపినప్పుడు నేను వెనక నుంచి "ఎన్నేళ్లుగా చేస్తున్నారు?" అని అడిగాను. పలకలేదు. నా జపనీస్ అర్థం కాలేదనుకున్నాను. ముందుకు వెళ్లి మళ్లీ అడిగాను. నా పెదవుల వైపే చూసి, యాభై ఏళ్లు దాటిందని వేళ్లతో చూపించింది. తర్వాత నా చేతిని తీసుకుని బట్ట మీద పెట్టింది. మెత్తగా, గరగరగా, గంజితో. "యోకా, యోకా" అంది చాలా గట్టిగా. బాగుందని అక్కడి యాస. మగ్గం ఆగి ఉన్నా ఆమె గొంతు షెడ్డంతా వినిపించింది.

టీ దగ్గర ఆమె నా పక్కనే కూర్చుంది. నేను అడిగిన ప్రతిదానికీ నవ్వి, నా పళ్లెంలో ఇంకో కాకి ముక్క పెట్టేది. ఎనిమిదో తొమ్మిదో తిన్నాను.

ఆ టీ దగ్గరే నాకు చాలా రోజుల నుంచి నలుగుతున్న ప్రశ్న అడిగాను. ఇది మోటారు మగ్గం మీద నేసిందని కొనేవాళ్లకు చెప్తారా అని. సెన్సేయి దాన్ని జపనీస్‌లో చెప్పాక యజమాని కాసేపు అర్థం కానట్టు చూశారు. చెప్పకుండా ఎలా ఉంటాం అన్నట్టు. లోపలికి వెళ్లి ఒక తాను తెచ్చి దానికున్న చీటీ చూపించారు. యంత్రపు నేత అని అందులోనే ఉంది. చేత్తో కట్టి, సహజమైన నీలిమందులో ముంచి, చేతిమగ్గం మీద నేసినదాన్ని 1957లో ప్రభుత్వం జాతీయ సాంస్కృతిక సంపదగా గుర్తించింది. దాని దారి వేరు, ధర వేరు. "అది అది. ఇది ఇది. రెండింట్లోనూ పోగును ముందే కడతాం, కాబట్టి రెండూ కసురి" అన్నారు. ఆయనకు బెంగ ఉన్నది వేరే చోట. ఈ మగ్గాల విడిభాగాలు ఇప్పుడు ఎవరూ తయారు చెయ్యరు. మూతపడ్డ మిల్లుల నుంచి పాత మగ్గాలు తెచ్చి, ఒకదాని పళ్లచక్రం ఇంకోదానికి వేసి నడుపుతున్నారు. షెడ్డు వెనక అలాంటి మగ్గాలు, తుప్పు పట్టినవి, నాలుగైదు పడి ఉన్నాయి. పోగు కట్టే పనివాళ్లు ముసలివాళ్లైపోతున్నారు. వాళ్లలో ఇద్దరు ముగ్గురు మానేస్తే ఈ చుట్టుపక్కల మిల్లులన్నీ ఆగిపోతాయని చెప్పి, ఆయన తుప్పు మగ్గాల వైపు చూస్తూ నిలబడ్డారు. మా ఊళ్లో మూలపడ్డ మగ్గాల్ని చూసి నాయిన నిలబడేది కూడా అలాగే.

తర్వాత ఏడాది నా ఫైనల్ ప్రాజెక్టులో ఆ తీసేసిన పేజీని మళ్లీ పెట్టాను. అమ్మ పేరు, ఆసు యంత్రం, మల్లేశం గారి పేరు, నాయిన పేరు, అన్నీ ప్రతి బట్టకూ కట్టిన చీటీ మీద రాశాను. మార్కులు తగ్గాయా పెరిగాయా అన్నది ఇక్కడ అవసరం లేదు.

ఇంకో సంగతి చెప్పకపోతే కురుమేకు అన్యాయం చేసినట్టవుతుంది. ఈ కసురి మొదలుపెట్టింది ఇనోవె దెన్ అనే అమ్మాయి. రెండు వందల ఏళ్ల కిందట, పన్నెండు పదమూడేళ్ల వయసులో, వాడి వాడి వెలిసిపోయిన ఒక నీలిబట్టలో తెల్ల మచ్చలు చూసి, ఆ మచ్చలు పోగులో ఎక్కడున్నాయో తెలుసుకోవాలని బట్టనంతా విప్పేసిందట. విప్పిన పోగును చూసి, అలాగే తెల్లగా ఉండాల్సిన చోట కట్టి రంగు వేసి నేసింది. 1869లో చనిపోయేదాకా ఎందరికో నేర్పింది. బొమ్మలు నెయ్యాలనుకున్నప్పుడు అదే ఊళ్లో ఉన్న తనాక హిసషిగె అనే కుర్రవాడు ఆమెకు మగ్గంలో మార్పులు చేసిపెట్టాడని చెప్తారు. పెద్దయ్యాక అతను పెట్టిన వర్క్‌షాపే తర్వాత తోషిబా అయింది. మగ్గం దగ్గర ఆడమనిషి, పక్కన పనిముట్టు చేసిచ్చే కుర్రవాడు. ఈ జత మొదటి నుంచీ ఉందన్నమాట. నాకు మాత్రం ఆ పిల్ల బట్ట విప్పడం దగ్గరే మనసు ఆగిపోతుంది. మా ఇంట్లో అయితే నేసిన బట్ట విప్పావా అని వీపు విమానం మోత మోగేది. ఆ ఇంట్లో ఎవరు ఊరుకున్నారో, వాళ్లకు దణ్ణం.

సాయంత్రం ఇంకోచోట నీలిమందు తొట్లు చూశాం. నేలలో పాతిన జాడీలు, పైన నురగ. నూలును ముంచి, పిండి, గాలి తగలాలని నేలకేసి కొడుతున్నారు. బూడిదనీళ్లు కూడా కలుపుతారట. తేలియా రుమాలుకు (నూనె పట్టించిన నూలుతో నేసే గుడ్డ) మా తాత ఆముదపు కాయల బూడిదలో నూలు నానబెట్టేవాడని నానమ్మ చెప్పేది. చీకటి పడుతోందని ఎక్కువసేపు ఉండలేదు.

వచ్చేటప్పుడు యజమాని భార్య నాకు మీటరు బట్ట ఇచ్చింది, ఆ పెద్దావిడ నేసిందే. డబ్బులు తీసుకోలేదు. ఆ పెద్దావిడ వాకిలి దాకా వచ్చి, బస్సు మలుపు తిరిగేదాకా తల వంచి నిలబడింది.

ఫిబ్రవరిలో ఇంటికి వచ్చాను. బట్ట అమ్మ ఒళ్లో పెట్టాను. అమ్మ ముందు దాన్ని వాసన చూసింది. తర్వాత తిరగేసింది. బొటనవేలు తడి చేసుకుని ఒక మూల రుద్ది రంగు దిగుతుందేమో చూసింది. తలుపు దగ్గరికి వెళ్లి వెలుతురుకు పెట్టింది.

"గీ పన్నా గింత చిన్నగున్నదేందే? చీరకెట్ల సరిపోతది?"

"వాళ్లు చీర కట్టరమ్మా."

అంచు దగ్గర వేలు ఆపింది. "గుంజి గుంజి కలిపింది సూడు. పోగు బయటికొచ్చింది." నాయిన మగ్గం దిగి వచ్చి, చెయ్యి తుడుచుకుని, తనూ అంచు తడిమాడు. ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనలేదంటే తప్పు దొరకలేదని.

ఫోన్‌లో వీడియో పెట్టాను. మగ్గాల చప్పుడు ఇల్లంతా నిండిపోయింది. వాకిట్లో కోడి ఎగిరి పక్కకు పోయింది. నాయిన మగ్గాన్ని చూస్తున్నాడు, "కాళ్లతోటి పనే లేదా?" అంటున్నాడు. అమ్మ మగ్గాన్ని చూడటం లేదు. ఆ పెద్దావిడనే చూస్తోంది. ఆమె వంగడం, గోటితో గుంజడం, మళ్లీ మీట నొక్కడం.

"ఎన్నేండ్ల సంది చేస్తుందట?"

"యాభై దాటిందట."

"దినాం గీ సప్పుడులనే?"

"ఆఁ."

అమ్మ కాసేపు ఊరుకుంది. ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకుంది, అది ఆమెకు అలవాటు.

"ఆమెకు చెవులు ఇనవడ్తయా బిడ్డా?"

నేను వీడియోను మొదటికి తెచ్చి మళ్లీ పెట్టాను. తలుపు జరుగుతోంది. చప్పుడు మొదలైంది. యజమాని ఆమె వైపు నడుస్తున్నారు. పిలవడం లేదు. భుజం మీద చెయ్యి వేస్తున్నారు.